లోన్ యాప్ తీసేసినా కాంటాక్టులకు మెసేజ్‌లు ఆగట్లేదు. ఫోన్‌లో ఏం చేయాలి, చట్టంలో ఏముంది?

పాలపిట్ట_22 అడిగిన ప్రశ్న

నమస్కారం అండీ. మా బావమరిది ఫోన్ సంగతి. ఆండ్రాయిడ్ 13. వాట్సాప్‌లో వచ్చిన లింకు నొక్కి ఏపీకే (ప్లేస్టోర్‌తో పని లేకుండా నేరుగా వేసుకునే యాప్ ఫైలు) దించుకుని లోన్ యాప్ వేసుకున్నాడు. కాంటాక్ట్స్, ఫొటోలు, ఎస్సెమ్మెస్, లొకేషన్ అన్నీ అడిగింది. ఒక్కటి కాదన్నా ముందుకు కదలకపోతే అన్నిటికీ 'అలో' కొట్టాడు. 5,000 మంజూరు అని చూపించి ఖాతాలో 3,200 వేశారు, ఏడు రోజుల్లో 5,000 కట్టమన్నారు. కట్టేశాడు కూడా. ఇప్పుడు ఇంకా బాకీ ఉందంటూ, అతని కాంటాక్టుల్లో ఉన్నవాళ్లకి ఆధార్ ఫొటో మీద 'ఈ మనిషి దొంగ' అని రాసి పంపిస్తున్నారు. ఇంకో 4,000 పంపకపోతే మార్ఫింగ్ ఫొటోలు పంపుతామంటున్నారు. యాప్ నిన్ననే అన్‌ఇన్‌స్టాల్ చేశాడు. అయినా ఆగలేదు.

అడగాల్సినవి మూడు. ఒకటి, యాప్ పోయాక కూడా వాళ్లకి నంబర్లు ఎలా అందుతున్నాయి? రెండు, 'అలో' మనమే కొట్టాం కాబట్టి చట్టప్రకారం మన నోరు మూతపడినట్టేనా? మూడు, ఫిర్యాదు ఎక్కడ ఇవ్వాలి, ఏమని రాయాలి?

సెట్టింగ్స్_సాంబడు

మొదటిదానికి నేను చెప్తాను. చట్టం సంగతి తెలిసినవాళ్లు తర్వాత అందుకోండి.

కాంటాక్ట్స్ పర్మిషన్ అంటే రోజూ తొంగిచూసే కిటికీ అనుకుంటారు చాలామంది. అది తాళంచెవి లాంటిది. ఒక్కసారి ఇస్తే చాలు, ఫోన్‌లోని పేర్లు, నంబర్లు, ఈమెయిళ్లు మొత్తం యాప్ చదివేస్తుంది. రెండు వేల కాంటాక్టులున్నా ఆ జాబితా సైజు కొన్ని వందల కేబీలు దాటదు, అంటే సర్వర్‌కి ఎక్కడానికి సెకన్లు చాలు. తర్వాత పర్మిషన్ తీసేసినా, యాప్ తీసేసినా ఫోన్‌లో ఉన్న యాప్ పోతుంది కానీ అక్కడికి చేరిన కాపీ పోదు. ఇప్పుడు వస్తున్న మెసేజ్‌లకి మీ ఫోన్‌తో పనే లేదు. అందుకే 'ఫోన్ ఫార్మాట్ కొట్టేయ్' అనే సలహా వినకండి. దాంతో వాళ్లకి పోయేదేమీ లేదు, మీ వాట్సాప్ చాట్లూ కాల్ లాగూ, అంటే సాక్ష్యం పోతుంది.

యాప్ ముందే తీసేశారు కాబట్టి లోపలి స్క్రీన్ల ఫొటోలు ఇక దొరకవు. అయినా మిగిలినవి ఉన్నాయి:

డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో ఆ ఏపీకే ఫైలు ఇంకా ఉండే అవకాశం ఎక్కువ. తొలగించకండి, మళ్లీ ఇన్‌స్టాల్ కూడా చేయకండి. పెన్‌డ్రైవ్‌లోకి ఒక కాపీ తీసి పెట్టండి. యాప్ అసలు ప్యాకేజీ పేరు, దాని మీద ఉన్న డిజిటల్ సంతకం అందులోంచే బయటికొస్తాయి. లింకు వచ్చిన వాట్సాప్ మెసేజ్‌ని కూడా అలాగే ఉంచండి, ఆ చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేసుకోండి.

తర్వాత సెట్టింగ్స్, యాప్స్, 'సీ ఆల్ యాప్స్' తెరిచి పైనుంచి కిందికి ఓపిగ్గా చూడండి. ఇలాంటి ఏపీకేలు కొన్ని తమతోపాటు ఇంకో యాప్‌ని దించిపోతాయి. దానికి హోమ్ స్క్రీన్ మీద ఐకాన్ ఉండదు, పేరు 'సిస్టమ్ సర్వీస్' లాంటిది పెట్టుకుంటుంది. అనుమానం ఉన్నదాని పేజీలో అడుగున ఎక్కడినుంచి ఇన్‌స్టాల్ అయిందో రాసి ఉంటుంది. ప్లేస్టోర్ అని లేకుండా ప్యాకేజీ ఇన్‌స్టాలర్ అనో, బ్రౌజర్ పేరో, వాట్సాప్ అనో ఉంటే దాన్ని పట్టించుకోండి. తీసేసేముందు ఆ పేజీకి స్క్రీన్‌షాట్.

ఆ తర్వాత మూడు చోట్ల చూడాలి. యాక్సెసిబిలిటీలో 'డౌన్‌లోడెడ్ యాప్స్' కింద తెలియనిది ఆన్‌లో ఉందా? స్పెషల్ యాప్ యాక్సెస్‌లో నోటిఫికేషన్లు చదివే అనుమతి ఎవరికుంది? ఓటీపీలు అక్కడినుంచే జారిపోతాయి. సెక్యూరిటీలో 'డివైస్ అడ్మిన్ యాప్స్'లో ఏమున్నాయి? అన్‌ఇన్‌స్టాల్ బటన్ బూడిదరంగులో నొక్కుడుపడకపోతే కారణం మామూలుగా ఈ మూడోదే. అక్కడ టిక్ తీసేస్తే బటన్ పనిచేస్తుంది. సెట్టింగ్స్ తెరవగానే దానంతటదే మూసుకుపోతుంటే సేఫ్ మోడ్‌లోకి వెళ్లండి: పవర్ మెనూలో 'పవర్ ఆఫ్' మీద వేలు నొక్కి పట్టుకుంటే చాలా ఫోన్లలో సేఫ్ మోడ్ అడుగుతుంది. అందులో బయటినుంచి వేసిన యాప్‌లు నడవవు, నింపాదిగా తీసేయొచ్చు.

చివరగా వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్, గూగుల్ ఖాతాలో 'యువర్ డివైసెస్' చూసి తెలియనివి లాగౌట్ చేయండి. ఎస్సెమ్మెస్ పర్మిషన్ ఇచ్చారన్నారు కాబట్టి బ్యాంకు యాప్ పిన్, యూపీఐ పిన్ మార్చడం ఇవాళే. అదీ ఈ సిమ్ తీసి వేసిన వేరే ఫోన్‌లోంచి.

పాసుబుక్కు

డబ్బు వైపు సంగతి నాది.

3,200 ఇచ్చి వారానికి 5,000 అంటే 1,800 వడ్డీ. ఏడు రోజులకి 56.25 శాతం, ఏడాది లెక్కకి తెస్తే దాదాపు 2,930 శాతం. 'ప్రాసెసింగ్ ఫీజు' అని పేరు మార్చినంత మాత్రాన అది వడ్డీ కాకుండా పోదు. రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం ఫీజులన్నీ కలిపి వార్షిక రేటుగా చూపిస్తూ 'కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్' అనే కాగితం సంతకానికి ముందే ఇవ్వాలి. అందులో రాయని చార్జీ ఏదీ వసూలు చేయకూడదు.

ఇప్పుడు బ్యాంకు స్టేట్‌మెంట్ తీసి 3,200 జమ అయిన వరుస చూడండి. పంపినవారి పేరు ఏముంది? 2022 సెప్టెంబర్ 2 నాటి డిజిటల్ లెండింగ్ మార్గదర్శకాల నుంచీ నియమం ఒకటే: అప్పు సొమ్ము అప్పిచ్చే బ్యాంకు లేదా ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) ఖాతా నుంచి నేరుగా మీ ఖాతాలోకి రావాలి, తిరిగి కట్టేదీ నేరుగా వాళ్ల ఖాతాలోకే పోవాలి. మధ్యలో ఇంకొకరి ఖాతా ఉండకూడదు. 2025 మే 8న వచ్చిన ఆదేశాల్లోనూ ఇదే ఉంది. ఏదో 'ట్రేడర్స్' పేరుతోనో, ఒక మనిషి పేరుతోనో డబ్బు వచ్చి ఉంటే, లేదా కట్టిన 5,000 ఒకరి సొంత యూపీఐ ఐడీకి వెళ్లి ఉంటే, ఆ ఒక్క వరుసే మీ ఫిర్యాదుకి వెన్నెముక. రెండు లావాదేవీల 12 అంకెల యూపీఐ రిఫరెన్స్ నంబర్లు, తేదీ, సమయం రాసి పెట్టుకోండి.

అప్పిచ్చింది ఏ సంస్థో యాప్‌లో రాసి ఉంటే దాన్ని గుడ్డిగా నమ్మకండి. దొంగ యాప్‌లు నిజమైన ఎన్‌బీఎఫ్‌సీ పేరే వాడుకుంటాయి. రెండువైపులా సరిచూడాలి: రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్‌లో 2025 జులై నుంచి డిజిటల్ లెండింగ్ యాప్‌ల జాబితా ఉంది, అందులో యాప్ పేరు ఉందా? ఆ ఎన్‌బీఎఫ్‌సీ సొంత వెబ్‌సైట్‌లో తమ యాప్‌ల, ఏజెంట్ల జాబితా పెట్టాలి, అక్కడ ఉందా? రెండుచోట్లా లేకపోతే ఆ పేరు అరువు తెచ్చుకున్నదే. ఇంకోమాట, ఆ జాబితాలో వివరాలు సంస్థలు తామే నింపినవి. అందులో పేరున్నంత మాత్రాన రిజర్వ్ బ్యాంకు పూచీ పడినట్టు కాదు.

యూపీఐ యాప్‌లో 'ఆటోపే' లేదా 'మ్యాండేట్స్' విభాగం తెరవండి. మ్యాండేట్ అంటే ఖాతాలోంచి డబ్బు దానంతటదే తీసుకోవడానికి మీరిచ్చిన అనుమతి. యాప్ తీసేసినంత మాత్రాన మ్యాండేట్ రద్దు కాదు. రద్దు కొట్టండి. ఈ-నాచ్, అంటే బ్యాంకు ఖాతా మీదే ఇచ్చిన ఆటో డెబిట్ అయితే బ్యాంకు శాఖలోనో నెట్ బ్యాంకింగ్‌లోనో రద్దు చేయాలి.

ఏరువాక_రైటర్

ఇంత తతంగం దేనికండీ. డేటా ప్రొటెక్షన్ చట్టం వచ్చేసింది కదా, 250 కోట్ల దాకా జరిమానా. ఆ చట్టం కింద పెట్టిన బోర్డుకి ఒక ఫిర్యాదు పడేస్తే వాళ్లే చూసుకుంటారు. మ్యాండేట్లు కూడా అన్నీ టకటకా రద్దు కొట్టేయడమే, ఎవరేం చేస్తారు.

నల్లకోటు

ఏరువాక గారూ, రెండూ సగం సగం నిజాలు. ఆ మిగతా సగమే ఇరికించేది.

డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాన్ని నడిపే నియమాలు నోటిఫై అయింది 2025 నవంబర్‌లో. బోర్డు ఏర్పాటు లాంటివి వెంటనే అమల్లోకి వచ్చాయి కానీ సమ్మతి, డేటా తుడిపించుకునే హక్కు, జరిమానాలు, ఇలా మనకి అక్కరకొచ్చే భాగానికి 18 నెలల గడువిచ్చారు. అంటే 2027 మే దాకా. పైగా ఆ 250 కోట్లు గరిష్ఠ పరిమితి, అదీ డేటాకి తగిన భద్రత పెట్టనందుకు. కట్టినా సర్కారు ఖజానాకి పోతుంది తప్ప మీ బావమరిది చేతికి పైసా రాదు. ఊరూ పేరూ లేని ఏపీకే మీద ఆ చట్టం ఎంతవరకు పనిచేస్తుందో మీరే ఊహించుకోండి.

మ్యాండేట్ల సంగతి: దొంగ యాప్ అయితే రద్దు చేయడమే సరి. కానీ నిజమైన ఎన్‌బీఎఫ్‌సీ నుంచి తీసుకున్న, ఇంకా బాకీ ఉన్న అప్పుకి మ్యాండేట్ ఉండి, ఖాతాలో డబ్బు లేక అది తిప్పికొడితే అది చెక్ బౌన్స్ లాంటిదే. 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద కేసు పెట్టొచ్చు. అందుకే ముందు అప్పిచ్చిందెవరో తేల్చుకోండి, తర్వాత రద్దు.

ఇక పాలపిట్ట గారి రెండో ప్రశ్న. 'అలో' నొక్కడం వేరు, చట్టం దృష్టిలో సమ్మతి వేరు. అప్పు యాప్‌లకి రిజర్వ్ బ్యాంకు 2022లోనే గీత గీసింది: ఫైళ్లు, ఫొటోలు, కాంటాక్టుల జాబితా, కాల్ లాగ్ వీటి జోలికి పోకూడదు. కెమెరా, మైక్, లొకేషన్ మాత్రం కేవైసీ కోసం ఒక్కసారి, స్పష్టంగా అడిగి తీసుకోవచ్చు. అంటే కాంటాక్టుల విషయంలో మీరు ఒప్పుకున్నా యాప్ తీసుకోకూడదు. మీ ఒప్పుకోలు ఆ నిషేధాన్ని ఎత్తేయదు.

2023 చట్టం ఇంకా పూర్తిగా అమల్లోకి రాకపోయినా, అందులో 6వ సెక్షన్ కింద ఇచ్చిన ఉదాహరణ మన సంగతికి అచ్చంగా అతుకుతుంది. ఒకామె టెలీమెడిసిన్ యాప్ దించుకుంటుంది. అది వైద్యం కోసం ఆమె డేటాతోపాటు ఫోన్‌లోని కాంటాక్టుల జాబితా కూడా అడుగుతుంది. ఆమె రెంటికీ సరేనంటుంది. అయినా సమ్మతి వైద్యానికి కావలసినంత వరకే చెల్లుతుంది, ఎందుకంటే ఆ సేవకి కాంటాక్టులు అక్కర్లేదు. శాసనం చేసినవాళ్లు సమ్మతిని ఎలా చూస్తున్నారో చెప్పడానికి పిటిషన్‌లో ఈ ఉదాహరణ పనికొస్తుంది. సమ్మతి కోరే అభ్యర్థన తెలుగులో చదువుకునే వీలు కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్ భాషలన్నిటికీ వర్తిస్తుంది.

ఇంకో సంగతి అందరూ మర్చిపోతారు. ఆ జాబితాలోని నంబర్లు మీ బావమరిదివి కావు. ఆయన 'అలో' కొడితే పక్కింటాయన తన నంబర్ వాడుకోవడానికి ఒప్పుకున్నట్టు ఎలా అవుతుంది? మెసేజ్ అందుకున్న ప్రతి ఒక్కరూ విడిగా ఫిర్యాదుదారే. ఒకే యాప్ మీద నాలుగు ఫిర్యాదులు పడితే స్టేషన్‌లో చూసే తీరు మారుతుంది.

నల్లకోటు (కొనసాగింపు)

ఫిర్యాదు ఎలా రాయాలన్నది అసలు కీలకం. చాలామంది 'బెదిరిస్తున్నారు, పరువు తీస్తున్నారు' అని రాసి ఊరుకుంటారు. పరువునష్టం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చింది) 356, మామూలు బెదిరింపు 351(2). రెండూ పోలీసులు నేరుగా దర్యాప్తు చేసే నేరాలు కావు. రసీదు ఇచ్చి డైరీలో ఎక్కించి 'కోర్టుకి వెళ్లండి' అంటారు. వాళ్ల తప్పు కాదు, మీ రాత అలా ఉంది.

జరిగింది మాత్రం బెదిరించి బలవంతంగా వసూలు చేయడం, ఇంగ్లీషులో ఎక్స్‌టార్షన్. డబ్బు ఇవ్వకపోతే ఫలానా హాని చేస్తామని భయపెట్టడం. 308వ సెక్షన్. భయపెట్టి డబ్బు తీసుకుని ఉంటే 308(2), ఏడేళ్ల దాకా శిక్ష. ఇంకా ఇవ్వకపోయినా భయపెట్టడం వరకూ 308(3). రెంటిలోనూ పోలీసులు నేరుగా కేసు కట్టొచ్చు. కాబట్టి వాక్యం ఇలా ఉండాలి:

'ఫలానా తేదీ, ఫలానా సమయానికి, ఫలానా నంబర్ నుంచి వాట్సాప్‌లో, 4,000 రూపాయలు పంపకపోతే నా ఫొటో మార్చి నా బంధువులకి పంపుతామని బెదిరించారు. ఆ డబ్బు వేయమని ఈ యూపీఐ ఐడీ ఇచ్చారు.'

ఎంత అడిగారు, ఎవరికి వేయమన్నారు, వేయకపోతే ఏం చేస్తామన్నారు. ఈ మూడూ ఒకే వాక్యంలో ఉండాలి. పేరు దాచుకుని అజ్ఞాతంగా బెదిరించినందుకు 351(4), ఫొటో మార్చి పరువు తీయడానికి ఎలక్ట్రానిక్ రికార్డు సృష్టిస్తే 336(4), అది అశ్లీలమైతే ఐటీ చట్టం 67, లైంగిక చర్య చూపిస్తే 67ఎ. ఆధార్ వివరాలు వాడుకుని మీలా నటిస్తే 66సీ, 66డీ. సెక్షన్లు మీరు రాయనక్కర్లేదు, వాస్తవాలు రాస్తే చాలు. 66ఎ అని మాత్రం రాయకండి. దాన్ని సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది, ఇంకా అర్జీల్లో కనబడుతూనే ఉంది!

ఐటీ చట్టం కేసుల దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ లేదా ఆపై అధికారి చేయాలి. దాన్ని సాకుగా చూపి కేసు తీసుకోకపోవడానికి మాత్రం వీల్లేదు. నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చింది) 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లోపు వెళ్లి సంతకం పెట్టాలి. తీసుకోకపోతే 173(4) కింద ఎస్పీకి పోస్టులో పంపాలి, అదీ ఫలించకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి. ఆ పోస్టు రసీదు పారేయకండి.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాల్సింది డబ్బు పోయినప్పుడు, అదీ ఎంత త్వరగా అయితే అంత మంచిది. కట్టిన 5,000 అవతలివాళ్ల ఖాతాలోనే నిలిచి ఉంటే ఆపగలరు. వేధింపు మెసేజ్‌లకి జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో విడిగా నమోదు చేయాలి. ఇచ్చిన అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబర్ పట్టుకుని స్టేషన్‌కి వెళ్లండి. పోర్టల్‌లో పెట్టేసి ఇంట్లో కూర్చుంటే అదే ఎఫ్‌ఐఆర్ కాదు.

పాలపిట్ట_22

చాలా థాంక్సండీ. ఇంకో రెండు సందేహాలు. చుట్టాలకి ఏమని చెప్పాలి? వాళ్లకి వచ్చిన ఫొటోలని మాకు ఫార్వర్డ్ చేయమనొచ్చా? ఇంకోటి, కట్టడం అయిపోయింది కదా, డేటా తుడిచేయమని అడిగితే తుడుస్తారా?

సెట్టింగ్స్_సాంబడు

చుట్టాలకి ముందుగానే మీవైపు నుంచి కబురు వెళ్లాలి. వాళ్ల మెసేజ్ అందేలోపు మీది అందితే దాని విషం సగం దిగిపోతుంది. బ్రాడ్‌కాస్ట్‌లో ఇంత చాలు:

'నా ఫోన్‌లోని నంబర్లు ఒక మోసపు యాప్ చేతికి చిక్కాయి. నా పేరుతో బెదిరింపో, ఫొటోనో వస్తే జవాబివ్వకండి, డబ్బు పంపకండి. పంపిన నంబర్, తేదీ, టైమ్ కనబడేలా స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపి, ఆ తర్వాతే రిపోర్ట్ కొట్టి బ్లాక్ చేయండి. పోలీసు ఫిర్యాదు ఇస్తున్నాం.'

వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ మీ నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లకే చేరుతుంది. మిగతావాళ్లకి విడిగా పంపాలి. స్టేటస్‌లో కూడా పెట్టండి. 'ముందు స్క్రీన్‌షాట్, తర్వాత బ్లాక్' అన్న వరస తిరగబడితే సాక్ష్యం పోయినట్టే. రిపోర్ట్ కొట్టేటప్పుడు 'చాట్ డిలీట్' టిక్ పడి ఉంటే తీసేయమనండి.

స్క్రీన్‌షాట్‌లో పేరు మాత్రమే కనిపిస్తే సరిపోదు. ప్రొఫైల్ తెరిచి పూర్తి నంబర్ కనిపించేది ఇంకోటి తీయాలి. +91 కాకుండా వేరే దేశపు కోడ్ ఉంటే అదీ ముఖ్యమే.

నల్లకోటు

ఫార్వర్డ్ దగ్గర ఆగండి. ఆధార్ మీద 'దొంగ' అని రాసింది అయితే స్క్రీన్‌షాట్ పంపుకోవచ్చు. మార్ఫింగ్ చేసిన అశ్లీల ఫొటో అయితే ఎవరికీ ఫార్వర్డ్ చేయొద్దు, ఫిర్యాదు కోసమైనా సరే. ఐటీ చట్టం 67 పంపడాన్నే నేరమంటుంది, మీ మంచి ఉద్దేశం స్టేషన్‌లో వివరించుకోవాల్సి వస్తుంది. వచ్చినవాళ్ల ఫోన్‌లోనే అలాగే ఉంచి, పోలీసులకి ఆ ఫోన్‌లోనే చూపించాలి. ఆ ఫొటో వ్యాపించకుండా 'స్టాప్ ఎన్‌సీఐఐ' అనే సైట్ ఉంది. ఫొటో మీ ఫోన్ దాటి వెళ్లదు, దాని హ్యాష్, అంటే డిజిటల్ వేలిముద్ర మాత్రమే వెళ్తుంది. ఆ సైట్‌తో చేతులు కలిపిన ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి వేదికలు దానితో పోల్చి అడ్డుకుంటాయి.

కోర్టుకి ఎలక్ట్రానిక్ సాక్ష్యం వెళ్లాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జతపరచాలి. పాతరోజుల్లో 65బి అనేవాళ్లం, అదే. కొత్తదాంట్లో హ్యాష్ విలువ రాసే గడి ఉంది, రెండో భాగం నిపుణుడు నింపాలి. అందుకే అసలు ఫోన్ అమ్మేయకండి, ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చేయకండి. స్క్రీన్‌షాట్లు కాపీలే, అసలు ఉండేది ఆ ఫోన్‌లో.

పాసుబుక్కు

డేటా తుడవడం సంగతి. అప్పిచ్చినది రిజర్వ్ బ్యాంకు కింద ఉన్న సంస్థ అయితే సమ్మతి వెనక్కి తీసుకునే, డేటా తొలగించమనే అవకాశం మీకు ఇవ్వాలని ఆదేశాల్లోనే ఉంది. సంస్థ వెబ్‌సైట్‌లో ఫిర్యాదుల నోడల్ అధికారి ఈమెయిల్ ఉండాలి. దానికి మీ రిజిస్టర్డ్ మెయిల్ నుంచి ఇలా:

'లోన్ ఖాతా నంబర్ ఇది. ఈ తేదీన పూర్తిగా చెల్లించాను, రిఫరెన్స్ ఇది. నా ఫోన్ కాంటాక్టులు, ఫొటోలు, ఎస్సెమ్మెస్‌లు, లొకేషన్ వాడుకోవడానికి ఇచ్చిన సమ్మతి ఉపసంహరించుకుంటున్నాను. వాటిని మీ దగ్గరా, మీ ఏజెంట్ల దగ్గరా తొలగించి రాతపూర్వకంగా తెలపండి. వాటిని ఎవరెవరికి ఇచ్చారో తెలపండి. నో డ్యూస్ సర్టిఫికెట్ పంపండి.'

'నా మొత్తం డేటా తుడిచేయండి' అని రాయకండి. కేవైసీ కాగితాలు, లావాదేవీల రికార్డులు మనీ లాండరింగ్ చట్టం కింద ఐదేళ్లు ఉంచి తీరాలి. 'చట్టప్రకారం కుదరదు' అని ఒక్క లైన్‌తో తిప్పికొట్టేస్తారు. వాళ్ల దగ్గర ఉండకూడనిదేదో పేరుపెట్టి అడిగితే తప్పించుకోలేరు.

30 రోజుల్లో జవాబు రాకపోతేనో, వచ్చిన జవాబు సంతృప్తిగా లేకపోతేనో రిజర్వ్ బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్ సీఎంఎస్‌లో అంబుడ్స్‌మన్‌కి. ఖర్చు లేదు, లాయర్ అక్కర్లేదు. ముందు సంస్థకి రాయకుండా నేరుగా అక్కడికి పోతే తిప్పి పంపేస్తారు, ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. సహాయానికి 14448 నంబర్ ఉంది.

రికవరీ ఏజెంట్లకి 2022 ఆగస్టు నాటి సర్క్యులర్ ఉంది: ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత కాల్ చేయకూడదు. అప్పు తీసుకున్నవాడి కుటుంబాన్ని, స్నేహితుల్ని గెలకకూడదు. నిజమైన బాకీ ఉన్నా సరే ఇది వర్తిస్తుంది. బాకీ బాకీయే, వేధింపు వేధింపే, ఒకదానితో ఇంకోటి చెల్లు కాదు.

మీ కేసులో మాత్రం ఊరూ పేరూ లేని ఏపీకే కాబట్టి ఈ ఈమెయిల్ వెళ్లడానికి చిరునామాయే ఉండకపోవచ్చు. అప్పుడు రిజర్వ్ బ్యాంకు వాళ్లదే 'సచేత్' పోర్టల్ ఉంది, అనుమతి లేని సంస్థల మీద ఫిర్యాదులకి. అక్కడ పెట్టండి కానీ డబ్బు తిరిగొస్తుందని ఆశ పెట్టుకోకండి. ఇలాంటివాళ్లని డేటా తుడవమని బతిమాలుతూ మెసేజ్‌లు పెట్టడం కూడా వద్దు. నంబర్ పనిచేస్తోందని, మనిషి భయపడ్డాడని వాళ్లకి తెలిసిపోతుంది.

ఎవరి పేరు మీద ఏ అప్పులున్నాయో రాసిపెట్టే సంస్థలు నాలుగున్నాయి: సిబిల్‌తోపాటు ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ నాలుగింటిలోనూ ఏడాదికోసారి ఉచితంగా పూర్తి రిపోర్టు వస్తుంది. ఆయన ఆధార్ వాళ్ల చేతిలో ఉంది కాబట్టి నాలుగూ తీసి చూడండి. తెలియని అప్పు కనబడితే అక్కడే డిస్ప్యూట్ పెట్టాలి. 30 రోజుల్లో తేల్చకపోతే ఆపై రోజుకి 100 రూపాయలు పరిహారం ఇవ్వాలి, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది.

ఏరువాక_రైటర్

సరే ఒప్పుకున్నా నల్లకోటు గారూ. అయితే ప్లేస్టోర్‌లోంచి దించుకుంటే ఈ గొడవ ఉండదంటారా?

సెట్టింగ్స్_సాంబడు

తగ్గుతుంది, పోదు. 2023 మే 31 నుంచి ప్లేస్టోర్‌లో పర్సనల్ లోన్ యాప్‌లు కాంటాక్టులు, ఫొటోలు, కచ్చితమైన లొకేషన్ అడగకూడదని గూగుల్ నియమం. 60 రోజులు లేదా అంతకన్నా తక్కువలో మొత్తం కట్టేయమనే అప్పులూ అక్కడ నిషేధమే. కాబట్టి ఏడు రోజుల అప్పు అంటేనే అది స్టోర్ నియమాలకి బయటి సరుకు. అయితే ఇక్కడొక మెలిక ఉంది: 'ఫైనాన్స్ మేనేజర్' అనో 'క్యాలిక్యులేటర్' అనో పేరుతో స్టోర్‌లో ఉండి, లోపలికెళ్లాక 'కొత్త వెర్షన్ దించుకోండి' అని ఏపీకే లింకు ఇస్తాయి కొన్ని. లోపలి నుంచి వచ్చే ఆ 'అప్‌డేట్' దగ్గరే ఆగిపోవాలి. అప్‌డేట్ అనేది స్టోర్‌లోనే వస్తుంది.

ఆండ్రాయిడ్ 13 నుంచి బయటినుంచి వేసిన యాప్‌కి యాక్సెసిబిలిటీ ఇవ్వబోతే 'రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్' అని అడ్డుపడుతుంది. దాన్ని ఎలా దాటాలో వీడియో పంపించి మరీ నేర్పిస్తారు: యాప్ ఇన్ఫో, పైన మూడు చుక్కలు, 'అలో రిస్ట్రిక్టెడ్ సెట్టింగ్స్'. ఎవరైనా ఆ మూడు చుక్కలు నొక్కమన్నారంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి.

ఐఫోన్‌లో ఐఓఎస్ 18 నుంచి కాంటాక్టులు అడిగినప్పుడు మొత్తం ఇవ్వకుండా ఎంచుకున్న నాలుగైదు మాత్రమే ఇచ్చే వీలుంది. ఆండ్రాయిడ్‌లో ఈ పర్మిషన్‌కి అలాంటి మధ్యేమార్గం లేదు, ఇస్తే అన్నీ పోతాయి.

పాలపిట్ట_22

ఏపీకే దొరికింది, డౌన్‌లోడ్స్‌లోనే ఉంది. స్టేట్‌మెంట్‌లో 3,200 పంపినవారి పేరు ఒక ఎంటర్‌ప్రైజెస్, 5,000 వెళ్లింది ఇంకో మనిషి యూపీఐకి. రేపు పొద్దున్నే స్టేషన్‌కి వెళ్తున్నాం. సిమ్ మార్చేయమంటారా?

పాసుబుక్కు

వద్దు. ఆ నంబర్ బ్యాంకుకీ ఆధార్‌కీ కట్టి ఉంది. వదిలేస్తే కొన్నాళ్లకి ఇంకొకరికి కేటాయిస్తారు, మీ ఓటీపీలు వాళ్లకి పోతాయి. తెలియని నంబర్ల కాల్స్‌ని మ్యూట్ చేసే సెట్టింగ్ వాట్సాప్ ప్రైవసీలో ఉంది, అది ఆన్ చేయండి. టెలికం శాఖ వాళ్ల సంచార్ సాథీ సైట్‌లో ఆయన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూసి, తెలియనిది ఉంటే 'నాది కాదు' కొట్టండి. ఎంఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ వేయండి.

నల్లకోటు

స్టేషన్‌కి రెండు సెట్లు తీసుకెళ్లండి. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. 3,200, 5,000 రెండు వరుసల మీదా పెన్నుతో గీత కొట్టి ఉంచండి. స్టేషన్‌లో ఫిర్యాదు రాసుకునే రైటర్ మొదట అడిగేది అదే. ఎఫ్‌ఐఆర్ కడితే దాని కాపీ ఫిర్యాదుదారుకి ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.